తువాలు కింద చెయ్యి

కాదు మనవరాలా, మగవాళ్ళకు సిగ్గు లేదని నువ్వంటే నేను ఒప్పుకోను. ఉండాది. కె.ఆర్.పురం చింతపండు మండీలో పద్దెనిమిది మంది మగవాళ్ళకు ఒకే పొద్దున, ఒకే గంటలో సిగ్గు పుట్టింది. అంతకు ముందు దాన్ని ఎక్కడ దాచిపెట్టుకున్నారో దేవునికే తెలియాలి. ఆ సంగతే చెప్తా. నిదానంగా చెప్తా, నువ్వూ నిదానంగా రాసుకో.

ఆ మండీలో ఈ కాలపు వస్తువు లేనిది లేదు. గేటు దగ్గర కెమెరా ఉంది. లారీ ఎక్కి నిలబడితే బరువు చెప్పే కాటా ఉంది. టీ తాగినా ఫోను చూపించి డబ్బులిస్తారు. బేరం మాత్రం తాతల నాటి పద్ధతే, తువాలు కింద. సరుకు అమ్మించే అంగడి మనిషి, కొనే మనిషి ఎదురెదురుగా చాప మీద కూర్చుంటారు. చేతుల మీద తువాలు కప్పుతారు. కింద వేళ్ళు వేళ్ళను నొక్కుతాయి, ఒక్కో వేలికి ఒక్కో లెక్క. పైన నోళ్ళు మాత్రం ఎండల గురించీ వానల గురించీ మాట్లాడుతుంటాయి. ధర నచ్చకపోతే కొనేవాడు చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. అంగడి మనిషి మూడుసార్లు "సరా?" అని అడగాలి. మూడోసారికి కూడా చెయ్యి అక్కడే ఉంటే బేరం కుదిరినట్టు. ఆ తరువాత బ్రహ్మదేవుడు దిగివచ్చినా మాట తిరగదు. సరుకు పండించిన రైతు ఇదంతా పక్కన నిలబడి చూస్తాడు. తన సరుకు ఎంతకు పోయిందో అంగడివాళ్ళు నోరు విప్పి చెప్పినప్పుడే ఆయనకు తెలుస్తుంది. ఈ మాట గుర్తు పెట్టుకో.

గేటు నుంచి ఏడో అంగడి వెంకటేశప్పది. ముప్పై ఏళ్ళలో ఆయన వేలు ఒక్కసారి కూడా అబద్ధం చెప్పలేదు. పోయిన దసరా తరువాత పక్షవాతం వచ్చి ఆయన కుడి చెయ్యి పడిపోయింది. మాట ఉంది, చూపు ఉంది, వేలు లేదు. తువాలు కింద ఎడమ చేత్తో బేరం చెల్లదు. మండీలో వేలు లేనివాడు గొంతు పోయిన పాటగాడు.

ఆయన ఒక్కగానొక్క కూతురు కిరణ్మయి. బి.కాం. చదివి, బ్రూక్‌ఫీల్డ్‌లో చల్లటి గదిలో మూడేళ్ళు ఉద్యోగం చేసింది. నాయనను ఆసుపత్రి నుంచి తెచ్చిన వారానికి ఆ ఉద్యోగం వదిలేసి మంచం పక్కన కూర్చుంది.

"నాయనా, అంగడి నేను చూస్తా."

వెంకటేశప్ప వద్దనలేదు. దుప్పటి కిందనుంచి ఎడమ చెయ్యి చాపి కూతురి వేళ్ళు రెండు నొక్కాడు. "ఇది ఎంత?" అన్నాడు. ఆమె చెప్పింది. ఇంకో మూడు నొక్కాడు. అదీ చెప్పింది. చిన్నప్పుడు పప్పుచెక్క కావాలంటే నాయనతో తువాలు కింద బేరమాడి గెలిస్తేనే దొరికేది మరి. ఆ పిల్ల అక్షరాలకంటే ముందు నేర్చుకున్న చదువు అది.

అంగడి మూతపడకుండా చూస్తే చాలనుకునే రకం కాదు ఆమె. ఏడో అంగడిని మండీలో మొదటి అంగడి చేయాలని ఆమె ఆశ. ఆడపిల్లకు అంత ఆశ ఎందుకమ్మా అని ఎవరైనా అడిగితే, "మీ కొడుక్కు ఎందుకో నాకూ అందుకే" అనేది.

సీజను మొదలైన రోజు పొద్దున్నే నాయన ఎర్రంచు తువాలు భుజాన వేసుకుని వచ్చి చాప మీద కూర్చుంది. వెనక ముప్పై బస్తాలు. ములబాగిలు పక్క పల్లెనుంచి శాంతమ్మ అనే రైతు తెచ్చిన సరుకు అది. గింజ లేదు, నార లేదు, ఎర్రగా తేనెలాగా ఉంది. కొనేవాళ్ళు వచ్చారు, వాసన చూశారు, నాలుక మీద వేసుకున్నారు, తలలూపారు. చాప మీద మాత్రం ఒక్కడూ కూర్చోలేదు.

చివరికి మండీ సంఘం అధ్యక్షుడు జోగయ్య వచ్చాడు. మీసాలు చెవులదాకా ఉంటాయి. ఆయనకు సొంత అంగడి ఉంది, ఇతరుల దగ్గర కొంటాడు కూడా.

"మీ నాయన ఎట్ల ఉండాడమ్మా?"

"మేలుగా ఉండాడు పెదనాయనా. కూచోండి, సరుకు చూడండి."

ఆయన తువాలును పామును చూసినట్టు చూశాడు. "సరుకు బాగుండాది. కానీ నీ చెయ్యి ఎట్ల పట్టుకునేదమ్మా? పదిమంది చూస్తుండారు."

"తువాలు కప్పుతాము కదా. ఎవురికీ కనపడదు."

"అది ఇంకా తప్పు కదమ్మా!"

ఆ ఒక్క మాటతో మండీ అంతా సిగ్గుపడిపోయింది. ఒకడికి పెళ్ళయి నెలే అయిందట. ఒకడికి ఆ రోజు ఉపవాసమట. ఇంకొకడు మాల తీసి రెండు నెలలైనా ఇంకా నిష్ఠలోనే ఉన్నాడట. ఏమి మనుషులు! గాజులమ్మేవాడు ఆడవాళ్ళ చెయ్యి పిండి పిండి గాజులు తొడుగుతాడు. జ్యోతిషం చెప్పేవాడు అరచెయ్యి పట్టుకుని గంటసేపు వదలడు. టిన్ ఫ్యాక్టరీ స్టాపులో బస్సెక్కితే ఈ పెద్దమనుషుల మోచేతులు ఎక్కడెక్కడ తగులుతాయో ఆ బస్సులో ఉన్న ఆడవాళ్ళను అడగాలి. అప్పుడు పోని మానం, చింతపండు ధర చెప్పేటప్పుడు పోతుందంట.

జోగయ్యకు జాలి కలిగింది. అది ఇంకా ఘోరం. "ఒక పని చెయ్యమ్మా. ఎవురైనా మగపిల్లోని కూచోబెట్టుకో. లెక్క నీది, చెయ్యి వానిది. మా అల్లుడు సురేశ్ పనేమీ లేక ఇంట్లో సుమ్మనే ఉండాడు."

"సుమ్మనే ఉండేవాళ్ళు మీ ఇంట్లోనే ఉండనీలే పెదనాయనా. నా అంగడిలో పని చేసేవాళ్ళే కూచుంటారు."

ఆయన మీసాలు కదిలాయి. "సంఘం రూలు తెలుసు కదా? సీజనులో ఉగాదిలోపల ఒక్క బేరమన్నా కుదరని అంగడిని సంఘం వేరేవాళ్ళకు ఇస్తుంది. ఉగాది ఇంకా ఇరవై రెండు దినాలు ఉండాది."

ఆ వేరేవాళ్ళు ఎవరో చెప్పాల్సిన పని లేకపోయింది. సురేశ్ అప్పటికే అడుగులతో అంగడి కొలుస్తున్నాడు.

కిరణ్మయి రోజూ ఏడుకల్లా వచ్చి కూర్చుంది. పదిరోజులు పోయాయి, పద్నాలుగు పోయాయి. చింతపండు నిలవున్నకొద్దీ నల్లబడుతుంది, నల్లబడితే ధర పడిపోతుంది. పక్క అంగళ్ళవాళ్ళు శాంతమ్మను రోజూ పిలిచేవాళ్ళు. "మా దగ్గర దించు ఆ బస్తాలు. ఆయమ్మ దగ్గర ఉగాదికి కూడా పోవు." శాంతమ్మ కదిలేది కాదు.

"శాంతమ్మత్తా, పోతే పో. నేనేమీ అనుకోను," అని కిరణ్మయే ఒకరోజు చెప్పింది.

"ఉండు పాపా. గింజ కొట్టేకి మా చేతులు కావల్ల, నార పీకేకి మా చేతులు కావల్ల. ఈ చింతపండంతా మేము పిసికిందే. దాన్ని నోట్లో వేసుకునేకి లేని సిగ్గు ధర చెప్పేకి వచ్చిందా ఈ నా కొడుకులకు? ఇంకొక వారం చూస్తా."

పదిహేనో రోజున యశ్వంత్ వచ్చాడు. హొసకోటెలో వాళ్ళింటివాళ్ళు పులియోగరె గొజ్జు, అదే పులిహోరలో కలిపే ముద్ద, తయారుచేసి అమ్ముతారు. ఇన్నాళ్ళూ సరుకు కొనడానికి వాళ్ళ చిన్నాన్న వచ్చేవాడు, ఈ ఏడు ఇతన్ని పంపారు. దళసరి కళ్ళద్దాలు. చింతపండు వాసన చూసేటప్పుడు గుళ్ళో నిలబడినట్టు కళ్ళు మూసుకుంటాడు. ఏడో అంగడి ముందు కళ్ళు మూసుకుని, చాలాసేపు తెరవలేదు.

"కూచోవచ్చునా అండీ?"

"కూచునేకే కదా చాప వేసింది."

అతను కూర్చుని జేబులోంచి పల్చటి తెల్ల గ్లౌజులు తీశాడు.

"ఏమప్పా అవి?"

"ఫ్యాక్టరీలో వేసుకునేవి. మీకు ఇబ్బందిగా ఉంటుందేమోనని తెస్తిని."

"ఇప్పుడు చింతపండు ముట్టుకుంటిరి కదా, వేసుకుంటిరా?"

"లేదు."

"నా చెయ్యి చింతపండుకంటే పులుపా?"

యశ్వంత్ గ్లౌజులు జేబులో కుక్కుకున్నాడు. ఒకటి కింద పడింది. మండీలో కాటా దగ్గర మనిషి బరువు రాయడం ఆపేశాడు. హమాలీలు బస్తాలు వీపు మీదే పెట్టుకుని నిలబడ్డారు. కిరణ్మయి ఎర్రంచు తువాలు విప్పి రెండు చేతుల మీదా కప్పింది.

అతని వేళ్ళు చన్నీళ్ళలో ముంచి తీసినట్టున్నాయి. అయినా భాష వచ్చు వాటికి. అతను దించాడు, ఆమె ఎత్తింది. అతను ఒక మెట్టు ఎక్కాడు, ఆమె దిగలేదు. పైన మాటలు నడవాలి కాబట్టి ఆమే అడిగింది.

"హొసకోటెలో ఎండలు ఎట్ల ఉండాయి?"

"ఉండాయి."

"వానలు?"

"అవీ ఉండాయి."

"రెండూ ఉండాయా?"

"ఏమోనండి, నేను చూడలేదు."

అక్కడ ఆమె నాయన నేర్పిన ఎత్తు వేసింది. ఎవరూ ఇవ్వని ధర ఒకటి నొక్కింది. అతను చెయ్యి తీస్తాడు, అప్పుడు ఒక మెట్టు దిగి సరైన ధర దగ్గర పట్టుకోవాలి. అదీ లెక్క.

"సరా?"

చెయ్యి కదల్లేదు. ఇతనికి లెక్క అర్థం కాలేదేమోనని మళ్ళీ నొక్కింది, ఈసారి గట్టిగా.

"సరా?"

కదల్లేదు. ఆమె తలెత్తి చూసింది. అతను తువాలు అంచును చూస్తున్నాడు. చెవులు మాత్రం ఆ అంచుకంటే ఎర్రగా ఉన్నాయి. మూడోసారి అడగకుండా ఉండే హక్కు ఆమెకు లేదు.

"సరా?"

తువాలు తీసేసరికి అతని చెయ్యి ఆమె చేతి మీద నిద్రపోయిన పిల్లవాడిలాగా వెచ్చగా ఉంది.

"బేరం కుదిరింది," అంది కిరణ్మయి. ఎక్కడో ఒక హమాలీ వీపు మీదనుంచి బస్తా జారి పడింది. "చెయ్యి తీసుకోవచ్చప్పా."

"ఆఁ," అని అతను చెయ్యి తీసి, అది వేరేవాళ్ళదైనట్టు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

ధర విని శాంతమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, ఏడ్చింది. కిరణ్మయికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. టీ అంగడి దగ్గర అతన్ని పట్టుకుంది. కోపంలో ‘మీరు’ పోయి ‘నువ్వు’ వచ్చేసింది.

"ఏమిది? దానమా? ఆడపిల్ల కష్టపడుతుండాదని జాలా?"

"జాలి కాదండీ."

"మరి ఆ ధరకు చెయ్యి ఎందుకు తీయలేదు నువ్వు?"

"తీద్దామనే అనుకుంటిని. రాలేదు."

"ఏమి రాలేదు?"

"చెయ్యి."

"ముప్పై ఏళ్ళు మా నాయన బేరమాడి గెలిచినాడు. నా మొదటి బేరం నీ తిక్కతో గెలిస్తినా నేను?" అని, టీ తాగకుండానే వచ్చేసింది. ఇంటికి వెళ్ళి చెయ్యి మూడుసార్లు కడుక్కుంది. చింతపండు జిగురు పోయింది, వెచ్చదనం మాత్రం పోలేదు. దానికీ కోపమే వచ్చింది ఆమెకు.

మరుసటి పొద్దున జోగయ్య రేకుల షెడ్డు కింద సంఘాన్ని కూర్చోబెట్టాడు. పద్దెనిమిది మంది అంగళ్ళవాళ్ళు ముందు, రైతులు వెనక. అంతకు ముందే యశ్వంత్‌ను పక్కకు తీసుకెళ్ళి ఒక మాట చెప్పాడు. ఆయమ్మే నీ చెయ్యి పట్టుకుని వదల్లేదని చెప్పు, బేరం కొట్టేస్తాం, నీకు నష్టం లేదు, మీ చిన్నాన్న తిట్లూ ఉండవు అని. చూడు ఎంత తేలికో! ఒక్క అబద్ధం చెప్తే చాలు. మగవాడి డబ్బు మిగులుతుంది, ఆడపిల్ల పేరు పోతుంది, అంగడి అల్లుడికి వస్తుంది.

"మేము అప్పుడే చెప్పినాము," అని మొదలుపెట్టాడు జోగయ్య. "ఆడమనిషి చెయ్యి తగిలేసరికి పిల్లోని మతి పోయింది. ఈ పొద్దు ఇతను, రేపు ఇంకొకడు. మండీ ఏమి కావాల?"

"మతి పోయింది ఆయనది, చెయ్యి తీయనిది ఆయన," అంది కిరణ్మయి. "అంగడి పోయేది నాదా? కల్లు తాగి ఒకడు గోతిలో పడితే గోతికి జరిమానా వేస్తారా పెదనాయనా?"

వెనకనుంచి రైతులు నవ్వారు. జోగయ్య యశ్వంత్ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పప్పా. ఎవురు ఎవురి చెయ్యి పట్టుకున్నారు?"

యశ్వంత్ లేచాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. కిరణ్మయి నాయన ముప్పై ఏళ్ళు కాపాడిన పేరు ఇప్పుడు ఈ కళ్ళద్దాల మనిషి నోట్లో ఉంది.

"ఆమె మూడుసార్లు అడిగింది. లెక్క తప్పలేదు, చెయ్యి పట్టుకోలేదు. తీయనిది నేను."

"మరిచిపోయినావా?"

"లేదు. తీయబుద్ధి కాలేదు."

షెడ్డు రేకులు ఎగిరిపోయేటట్టు నవ్వారు జనం. "బేరం బేరమే," అన్నాడు యశ్వంత్, ఆ నవ్వులోనే గట్టిగా. "సరుకు మధ్యాన్నం ఎత్తుకుపోతా. మా చిన్నాన్నకు నేను చెప్పుకుంటా."

బుద్ధిమంతుడైతే జోగయ్య అక్కడితో ఊరుకునేవాడు. "అదే కదా నేను చెప్పేది!" అని ఎగిరాడు. "తప్పు పిల్లోనిదే. కానీ ఆడమనిషి చెయ్యి ఉండబట్టే కదా తప్పు జరిగింది? తువాలు కింద ఆడా మగా చేతులు కలిపే పద్ధతి ఈ మండీకి వద్దు. అంతే."

చూశావా? తప్పు వాడిదంట, శిక్ష ఈమెకంట. పద్దెనిమిది తలలు అవునవునని ఊగాయి. కిరణ్మయి ఆ తలలను ఒక్కొక్కటిగా చూసింది. తరువాత భుజం మీది తువాలు తీసి, మడతపెట్టి, జోగయ్య ముందర పెట్టింది.

"సరే పెదనాయనా. తువాలు కింద తప్పు జరుగుతుండాదంటే తువాలే తీసేద్దాము. నోటితోనే బేరమాడుదాము. రైతు ముందర, పదిమంది ముందర, గట్టిగా ధర చెప్దాము. ఎవురూ ఎవురి చెయ్యీ పట్టుకునే పని లేదు. మానమూ ఉంటుంది, మండీ ఉంటుంది."

అప్పుడు చూడాల్సింది ఆ పద్దెనిమిది మొహాలు. తువాలు కింద కొనేవాడు ఒక ధర నొక్కుతాడు, తరువాత రైతుకు అంగడివాళ్ళు ఇంకొక ధర చెప్తారు. నడుమ మిగిలినదానితో కొందరు మేడలు కట్టారు. ఊగిన తలలన్నీ అక్కడికక్కడే ఆగిపోయాయి.

వెనకనుంచి శాంతమ్మ గొంతు లేచింది. "మాట మేలుగుండాది. మాకూ వినాలనే ఉండాది, మా సరుకు ఎంతకు పోతుండాదో."

"అవును, తీసేయండప్పా తువాలు!" అన్నాడొక ముసలి రైతు. ఇంకో నలుగురు గొంతు కలిపారు.

జోగయ్య చేతులు రెండూ పైకెత్తాడు. "తొందరపడొద్దండి! తాతల నాటి ఆచారం! తువాలు తీస్తే ఎట్ల?"

"తువాలు ఉండాలంటే నా చెయ్యీ ఉండాల," అంది కిరణ్మయి. "ఏదో ఒకటి చెప్పండి. మొదటి చెయ్యి మీదే కానీ. శాంతమ్మత్తవి ఇంకా పది బస్తాలు ఈ పొద్దు దిగినాయి. కూచోండి."

కూర్చున్నాడు. రైతులందరూ చూస్తుంటే ఏం చేస్తాడు? అరవై ఏళ్ళ మనిషి, కొత్త పెళ్ళికొడుకు చెయ్యి చాపినట్టు చాపాడు. కిరణ్మయి ఆయన చెయ్యి పిండి పిండి బేరమాడింది. రెండుసార్లు తీయబోయి, జనాన్ని చూసి మళ్ళీ పెట్టాడు. మూడో "సరా?"కు ఆయన మీసాలమీద చెమట నిలబడింది. బేరం కుదిరింది.

అయిపోయాక ఆమె మండీలో ఎవరూ చేయని పని ఇంకొకటి చేసింది. తువాలు తీసి, తిన్నగా శాంతమ్మ వైపు తిరిగి, కుదిరిన ధర గట్టిగా చెప్పింది. అందులో తన కమీషను ఎంతో కూడా చెప్పింది. ఆ తరువాత ప్రతి బేరానికీ అంతే. నాలుగు రోజుల్లో ములబాగిలు లారీలు, పుంగనూరు లారీలు నేరుగా ఏడో అంగడి ముందర ఆగడం మొదలుపెట్టాయి. ఆడమనిషి చెయ్యి పట్టుకుంటే పాపమన్నవాళ్ళు, సరుకంతా ఆ చాప దగ్గరే ఉండేసరికి, వరుసలో నిలబడ్డారు. ఉపవాసాలు, నిష్ఠలు ఏమైపోయాయో ఎవరూ అడగలేదు. సురేశ్ కొలిచిన కొలతలు సురేశ్ దగ్గరే ఉండిపోయాయి.

ఉగాది ముందు రోజు యశ్వంత్ మళ్ళీ వచ్చాడు. చేతిలో గొజ్జు సీసా. ఖరీదైన చింతపండుతో చేసిన మొదటి సీసా అని చాప మీద పెట్టాడు. కూర్చుని, తన తువాలు విప్పాడు.

"ఏ సరుకు చూసినావు?" అంది ఆమె. ‘మీరు’ అనే మాట మళ్ళీ రాలేదు.

"సరుకు లేదు."

"సరుకు లేకుండా బేరం పెట్టరు."

"ఒక మాట అడుగుదామని. నోరు రాదు నాకు. వేలితో అయితే అడుగుతా."

కిరణ్మయి ఆ తువాలు లాగి పక్కన పడేసింది. "ఇంతమంది ముందర దాపరికం వద్దని గెలిచినాను నేను. నోటితో అడుగు. జోగయ్య పెదనాయనకు కూడా వినపడాల."

అతని చెవులు ఎర్రబడ్డాయి. కాటా మనిషి మళ్ళీ రాయడం ఆపేశాడు. "నన్ను పెళ్ళి చేసుకుంటారా?" అని అరిచాడు యశ్వంత్. గేటు బయట ఆటోవాళ్ళు కూడా తిరిగి చూశారు.

"అంగడి నాది. పెళ్ళయినా పలక మీద పేరు నాదే. పొద్దున్నే ఏడుకు ఇక్కడ ఉంటా. వంట ఎవురు చేస్తారో మీ ఇంట్లో మాట్లాడుకోండి."

"పులియోగరె నేను చేస్తా."

"దినమూనా?" అని మొహం ముడిచి, "ఇంకొకటి. మీ ఫ్యాక్టరీకి సరుకు కావాలంటే అందరి మాదిరే కూచోవాల. తగ్గించేది లేదు."

"సరే."

"నీ మీద నాకు నమ్మకం లేదప్పా. ధర ఎంత చెప్పినా సరే అంటావు." అంటూనే చెయ్యి చాప మీద పెట్టింది, అరచెయ్యి పైకి. తువాలు లేదు. అతను తన చెయ్యి అందులో పెట్టి, ఈసారి తానే అడిగాడు.

"సరా?"

ఆమె రెండో చేత్తో గొజ్జు సీసాను పక్కకు జరిపింది.

"సరా?"

ఆమె జోగయ్య వైపు చూసింది. ఆయన రేకుల కప్పును చూస్తున్నాడు.

"సరా?"

కిరణ్మయి చెయ్యి తీయలేదు.

ఇంతే మనవరాలా. కాగితాలు వరుసగా పెట్టు, తారుమారు కానీకు. సాయంత్రం మీ నాయన డ్యూటీ దిగి వస్తాడు కదా. నీకు ఫ్యాక్టరీలో క్రేన్ ఎక్కే ఉద్యోగం వచ్చిందంటే, పైన ఆడపిల్ల కూచుంటే కింద మగవాళ్ళు ఏమనుకుంటారో అని మూడు దినాలుగా గొణుగుతుండాడు. ఆయప్పను కూచోబెట్టి, టీవీ ఆపి, ఇది మొదటినుంచి కడదాకా చదివి వినిపించు. ఆ జోగయ్య మాటలు వచ్చే చోట కొంచెం గట్టిగా చదువు.